గోత్రం తెలియని వారి కోసం

అర్చన చేయించుకోవడానికి వచ్చిన భక్తుణ్ణి మేము మొదట అడిగేది గోత్రం. పిదప నక్షత్రం, నామధేయం. దేశకాలాలను స్మరించి, ఫలానా గోత్రంలో జన్మించిన ఫలానా వారి క్షేమం కోసం ఈ పూజ చేస్తున్నానని భగవంతుని ఎదుట విన్నవించుకోవడమే సంకల్పం. గోత్రం తెలియదని ఎవరైనా సంకోచిస్తే వెనక్కి పంపము. కాశ్యప గోత్రమని చెప్పి అర్చన కొనసాగిస్తాము. సమస్త ప్రాణికోటికీ కశ్యప ప్రజాపతి మూలపురుషుడని పురాణాలు చెప్పడమే ఇందుకు ఆధారం. నలభై ఏళ్లుగా యాంత్రికంగా పలుకుతూ వచ్చిన ఈ మాటలోని లోతు, ఒక భక్తురాలి ప్రశ్న విన్నాక గాని నాకు బోధపడలేదు.

2015 జూలైలో లిబియాలోని సిర్తే విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఇద్దరు తెలుగు అధ్యాపకులను ఉగ్రవాదులు అపహరించారు. వారి క్షేమం కోరి మా ఆలయంలో కూడా భక్తులు అర్చనలు చేయించారు. 2016 సెప్టెంబరులో వారు విడుదలయ్యారన్న వార్త వచ్చిననాడు, ప్రసాదం అందుకుంటూ ఒక వృద్ధురాలు మెల్లగా అడిగింది. ఆమె కుమారుడు గల్ఫ్‌లో తాపీ పని చేస్తున్నాడు. “పంతులుగారూ, అదే ఊళ్లో అంతకుముందు ఇరవై ఒక్కమంది కూలీల్ని చంపేశారు కదా! వాళ్ల పేరున మనం ఒక్క పూజైనా చేశామా?”

నేను బదులు చెప్పలేకపోయాను.

ఆ ఇరవై ఒక్కమందిలో ఇరవై మంది ఈజిప్టుకు చెందిన కోప్టిక్ క్రైస్తవులు. ఒకరు ఘనా దేశస్థుడు. ఈజిప్టు వారిలో అనేకులు మిన్యా ప్రాంతంలోని అల్-అవర్ అనే పల్లె వాసులు. పొట్ట చేతపట్టుకుని పొరుగు దేశం వెళ్లిన శ్రమజీవులు. క్రైస్తవులన్న ఒక్క కారణంతో ఉగ్రవాదులు వారిని బంధించి, సముద్ర తీరాన శిరచ్ఛేదం చేశారు. 2015 ఫిబ్రవరి 15న ఆ ఘోరం లోకానికి వెల్లడైంది. అంతిమ క్షణంలో కొందరి పెదవులపై యేసు నామం ఉన్నది. ఇద్దరు సోదరులను పోగొట్టుకున్న ఒక వ్యక్తి టెలివిజన్‌లో మాట్లాడుతూ, హంతకుల కన్నులు తెరిపించమని దైవాన్ని ప్రార్థించాడు.

ప్రహ్లాద చరిత్రను మనం ఎన్నిసార్లు వినలేదు! హరినామం విడువనందుకు ఆ బాలుణ్ణి ఏనుగులతో తొక్కించారు, కొండలపై నుంచి తోయించారు. ఆ ఘట్టం చెబుతుంటే నేటికీ శ్రోతల కళ్లు చెమరుస్తాయి. నమ్మిన నామాన్ని విడువనందుకు మన కాలంలో మనుషులు ప్రాణాలు కోల్పోతుంటే, ఆ నామం వేరని ముఖం తిప్పుకోవడం న్యాయమా? అటువంటప్పుడు ప్రహ్లాదుని కోసం మనం కార్చిన కన్నీటికి అర్థమేమున్నది?

అయితే దూరదేశపు హంతకులను నిందించడం సులభం. హింసించిన చేతులు మనవైనప్పుడే ప్రార్థనకు అసలైన పరీక్ష.

1999 జనవరి 22 అర్ధరాత్రి ఒడిశాలోని మనోహర్‌పూర్ గ్రామంలో, వాహనంలో నిద్రిస్తున్న ఆస్ట్రేలియా దేశీయుడు గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు పసి కుమారులను ఒక మూక సజీవ దహనం చేసింది. బరిపదలో కుష్ఠురోగులకు దశాబ్దాల పాటు సేవ చేసిన వ్యక్తి ఆయన. మన ధర్మాన్ని కాపాడుతున్నామనే పేరుతోనే ఆ పాపం జరిగింది. ఆ మాట తలచుకుంటే, రోజూ హారతి పట్టే నా చేయి వణుకుతుంది.

2008 ఆగస్టులో కంధమాల్‌లో స్వామి లక్ష్మణానంద సరస్వతిని హత్య చేశారు. అది క్షమార్హం కాని నేరం. ఆ పని తమదేనని మావోయిస్టులు ప్రకటించారు. కాని ప్రతీకారం పేరిట నిరపరాధులైన క్రైస్తవుల ఇళ్లు, చర్చిలు తగులబెట్టారు. వేలాదిమంది అడవుల్లో, శిబిరాల్లో తలదాచుకున్నారు.

మతమార్పిడి సంగతేమిటని కొందరు నన్ను నిలదీస్తారు. ప్రలోభపెట్టి మతం మార్చడాన్ని నేను ఎన్నడూ సమర్థించలేదు. దాన్ని ఎదుర్కోవడానికి వాదమున్నది, చట్టమున్నది, అన్నిటికన్న మిన్నగా మన సదాచారమున్నది. నిద్రిస్తున్న ఉపపాండవులను వధించిన అశ్వత్థామ సామాన్యుడు కాడు. ద్రోణుని పుత్రుడు, వేదవేత్త. తండ్రి మరణానికి ప్రతీకారమనే కారణం కూడా అతనికి ఉన్నది. అయినా వ్యాసమహర్షి అతణ్ణి ధర్మవీరుడనలేదు. శాపగ్రస్తునిగానే నిలిపాడు.

ఆ కథలోనే మరొక వెలుగున్నది. బంధించి తెచ్చిన అశ్వత్థామను చూసి, బిడ్డలను పోగొట్టుకున్న ద్రౌపదియే, తనవలె అతని తల్లి కూడా కుమిలిపోరాదని తలచి విడిచిపెట్టమన్నదని భాగవతం చెబుతున్నది. భర్తను, బిడ్డలను కోల్పోయిన గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించానని ప్రకటించి, కుష్ఠురోగుల సేవను కొనసాగించారు. 2005లో భారత ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. ద్రౌపదికి నమస్కరించే మనం ఈ తల్లికి నమస్కరించడానికి వెనుకాడనవసరం లేదు.

“పాకిస్తాన్‌లో, బంగ్లాదేశ్‌లో మన హిందువులు పడుతున్న బాధల మాటేమిటి? వారు మన కోసం ప్రార్థిస్తున్నారా?” అని మరికొందరి ప్రశ్న. మన వారి కోసం తప్పక ప్రార్థిద్దాం. కాని ప్రార్థన బదులు కోరి ఇచ్చే చేబదులు కాదు. తన వారి కోసమే చేతులు జోడించేవాడు భగవంతుని దగ్గర లెక్కల పుస్తకం తెరిచినవాడవుతాడు.

ఆ వృద్ధురాలు ప్రశ్నించిన మరునాటి నుంచి ప్రాతఃకాల సంకల్పంలో నేనొక మాట చేర్చుకున్నాను. నమ్మిన దైవాన్ని విడువనందుకు ఏ దేశంలోనైనా, ఏ మతం వారైనా హింస అనుభవిస్తుంటే వారికి ధైర్యం, రక్షణ కలగాలని. హింసించేవారికి సద్బుద్ధి కలగాలని కోరుకుంటాను. వారి పేర్లు నాకు తెలియవు. కాశ్యప గోత్రమని చెబుతాను. ఎవరూ అభ్యంతరపెట్టలేదనను. ఒకరిద్దరు పెద్దలు ఆక్షేపించారు. ఆ ఇరవై ఒక్కమందిలో తమ బిడ్డ ఉంటే ఏమనేవారని అడిగాను. మౌనం వహించారు.

పాఠక మహాశయులకు నా మనవి ఒక్కటే. నేటి సాయంత్రం దీపం వెలిగించినప్పుడు ఆ అపరిచితులను కూడా స్మరించండి. మీ ఊళ్లో ఏ క్రైస్తవ కుటుంబమైనా భయంతో తలుపులు మూసుకున్ననాడు, వారి గుమ్మం ముందు తోడుగా నిలబడండి. పూజలో చెప్పుకున్న సంకల్పం వీధిలో నిలిచినప్పుడే అది సఫలమవుతుంది. స్వస్తి.