మోతకీ మాటకీ మధ్య ఒక నాబ్

పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో, కాలేజీ ఫంక్షన్లలో ఒక కేక తప్పకుండా వినపడుతుంది. "బేస్ పెంచు బాబూ!" అని. ఆ అడిగినవాడికి కావలసింది బేస్ గిటార్ కాదు, గుండెల మీద గుద్దే మోత. సౌండ్ కుర్రాడు సబ్‌వూఫర్ పెంచుతాడు, కుర్చీలు అదురుతాయి, జనం సంతోషిస్తారు. స్టేజీ మీద మూలన నిలబడి నాలుగు తీగలు మీటుతున్న మనిషి ఏం వాయిస్తున్నాడో మాత్రం ఒక్కరికీ తెలీదు.

తప్పంతా జనం మీదకి నెట్టేయడం తేలికే. కానీ బేస్ వాయించే మేమేం తక్కువ తిన్నాం? ప్రీయాంప్ పెడల్ కొనడానికి వెళ్ళినప్పుడు మేమూ ఆ మోతనే వెతుక్కుంటాం. అక్కడే మొదలవుతుంది మా దరిద్రం.

నా సంగతే చెప్తాను. రెండు నెలల ట్యూషన్ డబ్బులు పోసి ఒక పెడల్ కొన్నాను. రాత్రి పదకొండింటికి, ఇంట్లో అందరూ పడుకున్నాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాబ్‌లు తిప్పుతూ కూర్చున్నాను. బేస్ పైకి, ట్రెబుల్ పైకి, మిడ్ బాగా కిందికి. అబ్బ, ఏం శబ్దం! కింద నేల కదిలినట్టుంది, పైన తీగ తళతళలాడుతోంది. ఆ సెట్టింగు చెదిరిపోకుండా నాబ్‌ల పక్కన పెన్నుతో గీతలు కూడా పెట్టుకున్నాను. వారం తర్వాత ఒక హాల్లో ప్రోగ్రాం. డ్రమ్స్, రెండు గిటార్లు, కీబోర్డు, గాయకుడు. మొదటి పాట అయ్యాక గాయకుడు వెనక్కి తిరిగి అడిగాడు: "అన్నా, నీది ప్లగ్ పెట్టుకున్నావా?"

పెట్టుకునే ఉన్నాను. వాల్యూమ్ పెంచాను. మోత పెరిగింది. నేను వాయించే వరస మాత్రం ఎవరికీ చేరలేదు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. బేస్ గిటార్ అడుగు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ పరిసరాల్లోనే, కొంచెం పైన, కిక్ డ్రమ్ము కాపురం ఉంటుంది. పైన సింబల్స్, గిటార్ల గీత, గాయకుడి హల్లులు. అడుగున డ్రమ్ముతో, పైన సింబల్స్‌తో కొట్లాడి బేస్ గెలవదు. ఏ స్వరం ఎప్పుడు మొదలైందో, ఎక్కడ ఆగిందో చెవికి చెప్పేది ఎక్కువగా మధ్య ప్రాంతం, ఇంచుమించు 250 నుంచి 1000 హెర్ట్జ్ దాకా. ఒంటరిగా వింటే అక్కడి శబ్దం ముక్కుతో పాడినట్టు మొరటుగా ఉంటుంది. అందుకే దాన్ని కోసేసుకుంటాం. అంటే ఇంట్లో అందంగా వినపడాలని స్టేజీ మీద మన నోరు మనమే నొక్కేసుకుంటున్నామన్నమాట!

నమ్మకపోతే పాత టేప్ రికార్డర్లని గుర్తు తెచ్చుకోండి. అరచేయంత స్పీకరు. 41 హెర్ట్జ్‌ని పలికించడం దాని తాతతరం కాదు. అయినా 'గీతాంజలి' (1989) క్యాసెట్టు పెడితే ఇళయరాజా బేస్ వరసలు వినపడేవి కదా! పాటతో పాటు రెండో పాటలా నడిచే ఆ వరసలని మనలో చాలామంది పేరు తెలీకుండానే కూనిరాగం తీశాం. అడుగు స్వరం లేకపోయినా, దాని రెట్టింపులూ మూడింతలూ, అంటే 82, 123, 164 హెర్ట్జ్ అలా పై అంచెలు అందితే చాలు, మిగతాది మెదడు పూరించుకుంటుంది. ప్రీయాంప్‌లో డ్రైవ్ నాబ్ కొద్దిగా తిప్పితే జరిగేదీ ఇదే. తీగ చప్పుడుకి పై అంచెలు ఇంకొన్ని చేరుతాయి. సెల్‌ఫోన్ స్పీకర్లో కూడా బేస్ బతుకుతుంది.

కాబట్టి నా వాదన ఇది: బ్యాండుతో వాయించేవాడు మొదటి ప్రీయాంప్‌ని మిడ్ నాబ్ చూసి ఎంచుకోవాలి. మిగతావన్నీ తర్వాత.

టెక్ 21 వారి శాన్స్‌యాంప్ బేస్ డ్రైవర్ ఎందరో వాడిన పెడల్. దాని మొదటి రూపంలో అసలు మిడ్ నాబే లేదు, పైగా సహజంగానే మధ్య భాగం కొంచెం లోతుకు పోయి ఉంటుంది. రెండో రూపంలో మిడ్ చేర్చారు, 500 దగ్గరో 1000 దగ్గరో పనిచేసేలా ఒక మీట కూడా ఇచ్చారు. అక్కర లేకుండానే చేర్చారంటారా? ఫిన్లండ్ నుంచి వచ్చే డార్క్‌గ్లాస్ బి7కె అయితే మధ్య భాగాన్ని రెండుగా విడగొట్టి రెండు నాబ్‌లు ఇస్తుంది. "రష్ బ్యాండ్ గెడ్డీ లీ శాన్స్‌యాంపే వాడాడు కదా" అంటారు. వాడాడు, నిజమే. ఆ బ్యాండులో ఉన్నది ముగ్గురు. మీ స్టేజీ మీద ఎంతమందో ఒకసారి లెక్కపెట్టుకోండి.

ఇక రెండో వర్గం. వీళ్ళతో ఇంకా కష్టం. "టోన్ అంతా వేళ్ళల్లో ఉంటుంది, పెడల్ ఎందుకు?" అని వేదాంతం చెప్తారు. వెంటనే మోటౌన్ జేమ్స్ జేమర్సన్ పేరు తీస్తారు. ఆయన ప్రెసిషన్ బేస్‌ని నేరుగా రికార్డింగ్ డెస్క్‌కి కలిపి, ఒక్క చూపుడువేలితో చరిత్ర సృష్టించాడని. ఆ వేలికి నేనూ దణ్ణం పెడతాను. కానీ ఆ వైరు రెండో కొస ఎక్కడ ఉందో ఎవరూ చెప్పరేం? డెస్క్‌లో ఉన్నది కూడా ప్రీయాంపే. దాని దగ్గర కూర్చున్నది, జేమర్సన్ ఏం వాయిస్తున్నాడో తెలిసిన ఇంజినీరు. మనకి ఆ భాగ్యం లేదు. మన ప్రోగ్రాంకి వచ్చే సౌండ్ కుర్రాడు పొద్దున్నే భజన, సాయంత్రం రాజకీయ సభ చూసుకుని వస్తాడు. అతని తప్పేం లేదు. అతని చేతికి మన శబ్దాన్ని సగం వండి ఇవ్వడం మన బాధ్యత.

పైగా చిన్న మిక్సర్‌లో లైన్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ మామూలుగా పది కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది. బ్యాటరీ లేని పాసివ్ బేస్‌కి కావలసింది సుమారు ఒక మెగా ఓమ్. నేరుగా గుచ్చితే తీగ మీద తడిగుడ్డ కప్పినట్టుంటుంది. వేళ్ళల్లో ఎంత విద్య ఉన్నా ఆ వైరులోనే ఆవిరి. పెడల్‌కి డి.ఐ. అవుట్‌పుట్ ఉంటే బ్యాలెన్స్‌డ్ సిగ్నల్ హాలు చివరిదాకా గురగుర లేకుండా పోతుంది. గ్రౌండ్ లిఫ్ట్ మీట కూడా ఉందేమో చూడండి, మన కల్యాణ మండపాల వైరింగు తెలిసిందే కదా! ఒకవేళ మీది యాక్టివ్ బేస్ అయితే లోపల ఒక ప్రీయాంప్ ఇప్పటికే ఉందని మరవద్దు. గిటార్ మీదా పెడల్ మీదా రెండుచోట్లా బేస్ పెంచితే పప్పులో రెండుసార్లు ఉప్పేసినట్టే.

కొనేముందు ఇంటర్నెట్‌లో డెమో వీడియోలు చూస్తారు. ఆ వీడియోల్లో చాలావాటిలో బేస్ ఒక్కటే మోగుతుంది, పక్కన డ్రమ్ముండదు, గిటారుండదు. అది పెళ్ళిచూపుల ఫోటో లాంటిది. పెడల్‌ని రిహార్సల్‌కి తీసుకెళ్ళండి, స్నేహితుడిది అడిగి తెచ్చుకున్నా సరే. నాబ్‌లన్నీ నడిమికి పెట్టండి. పెడల్ ఆన్ చేసినా ఆఫ్ చేసినా శబ్దం ఒకే ఎత్తులో ఉండేలా లెవెల్ సరిచూసుకోండి, ఎందుకంటే ఎక్కువ మోగేదల్లా మంచిదనిపించడం చెవికి పుట్టుబుద్ధి. అందరూ వాయిస్తుండగా మిడ్ ఒక్కటీ తిప్పండి. గది అవతలి మూల ఫోన్‌లో రికార్డు చేసి, ఆ ఫోన్ స్పీకర్లోనే వినండి. మీ వరసని మీరు నోటితో పాడగలిగితే అదే మీ పెడల్. పాడలేకపోతే దాని ధర ఎంతైనా అది మీకు పనికిరాదు.

ఒక మాట ఒప్పుకోవాలి. మిడ్ పెంచుకున్నాక నా తప్పులు కూడా వినపడడం మొదలైంది. తాళం జారినచోటల్లా పట్టుబడ్డాను. ఇన్నాళ్ళూ మోత వెనక దాక్కున్నది ఇందుకేనేమో అని సిగ్గేసింది కూడా.

ఆ పెన్ను గీతలు నా పెడల్ మీద ఇంకా అలాగే ఉన్నాయి. ఇప్పటికీ ప్రోగ్రాం మధ్యలో ఎవరో ఒకరు "బేస్ పెంచు బాబూ!" అని అరుస్తారు. సౌండ్ కుర్రాడు తన ఫేడర్ వైపు చెయ్యి చాస్తాడు. నేను వంగి మిడ్ ఇంకాస్త తిప్పుకుంటాను.