గడ్డను దాచుకోవడం హయా కాదు



అమ్మలారా, చెల్లెళ్లారా! ఈ వారం చిట్కా చెప్పను, నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక తల్లి వచ్చి, "హకీం సాబ్, రొమ్ములో చిన్న గడ్డ ఉంది. నొప్పి లేదు, పూత ఏదైనా ఇవ్వండి" అంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. పెళ్లీడు కూతురుంది, మాట బయటికి పొక్కితే సంబంధాలు రావని భయం. నేను మర్హం ఇచ్చి పంపాను. ఆరు నెలలకు తిరిగి వచ్చేసరికి గడ్డ పుండయింది. ఆమె దక్కలేదు.

నొప్పి లేదు గదా అనుకోవడమే మోసం. రొమ్ము క్యాన్సరు గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. యూనానీలో దీన్ని సర్తాన్, అంటే ఎండ్రకాయ, అంటాం. గడ్డ కొత్తగా ఉన్నప్పుడే మొత్తం కోసి తీయాలనీ, ముదిరి పెద్దదైనదాన్ని తాను ఎన్నడూ నయం చేయలేకపోయాననీ వెయ్యేళ్ల కిందటే హకీం అల్ జహ్రావీ రాశాడు. అంతటివాడే ఒప్పుకున్నాక, పూతతో కరిగిస్తామనడానికి మేమెవరం?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30-49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఒకరు కూడా లేరు. తోడు వచ్చేవారు లేరు, కూలి పోతుంది, క్యాన్సరని తేలితే ఎలా అన్న దిగులు... కారణాలు ఎన్నో. కానీ మన ఇళ్లలో ముందు వినిపించేది హయా.

హయాకూ దారి ఉంది. ముంబైలో టాటా మెమోరియల్ వారు 1998లో మొదలుపెట్టిన పరిశీలనలో, శిక్షణ పొందిన ఆడవారే రెండేళ్లకోసారి చేత్తో తడిమి చూశారు. అలా చూపించుకున్న 50 దాటిన స్త్రీలలో ఈ జబ్బు మరణాలు సుమారు 30 శాతం తగ్గాయని 2021లో ప్రకటించారు. 30 దాటినవారికి సర్కారు ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం. ఆడవారే చూడాలని అడగండి. వారు దొరకనప్పుడు అవసరానికి మగ డాక్టరు చూడవచ్చని ఉలమాలు చెబుతూనే ఉన్నారు.

గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా ఆ వారంలోనే వెళ్లండి. ప్రతి గడ్డా క్యాన్సరు కాదు. ఏదన్నది పరీక్షే తేల్చాలి.

ఇంటి మగవారికీ, అత్తగార్లకూ ఒక మాట: ఆమె అడిగేదాకా ఆగకండి, మీరే తీసుకెళ్లండి. ఇక నా దగ్గరికి వస్తే మర్హం ఇవ్వను, డాక్టరమ్మకు చీటీ రాసిస్తాను. వస్సలాం.