తీర్పు తెర మీద రాదు

టీవీ సీరియల్లో కోర్టు ఘట్టం వచ్చిందంటే ఇంటిల్లిపాదీ కదలకుండా చూస్తారు. సాక్షి పవిత్ర గ్రంథంపై చేయి వేసి ప్రమాణం చేస్తాడు. న్యాయవాది గొంతు చించుకుంటాడు. చివరి నిమిషంలో ఎవరో పరుగున వచ్చి అసలు దోషిని చూపిస్తారు. న్యాయమూర్తి సుత్తితో బల్ల చరుస్తారు. కాలక్షేపానికైతే మాకు అభ్యంతరం లేదు. కానీ మదనపల్లె, పుంగనూరు, కుప్పం కోర్టుల మెట్లెక్కే మన కుటుంబాలు ఆ దృశ్యాన్నే నమ్ముకుని వెళ్తే నష్టపోతాయి.

మన న్యాయస్థానాలలో సుత్తి లేదు, జ్యూరీ లేదు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం సాక్షి దైవసాక్షిగానో, అంతఃకరణ సాక్షిగానో నిజం చెబుతానంటే చాలు. గీతపైనో ఖురాన్‌పైనో చేయి వేయనవసరం లేదు. సాక్షి మతమేదో చట్టానికి అక్కరలేదు. అక్కడ ఉండేది బంట్రోతు పేరు పిలిచేదాకా వరండాలో నిరీక్షణ, సాక్షి రాకపోతే వాయిదా, ఆ వాయిదాకు పోయే ఒక రోజు కూలి.

విచారణలో చివరికి నిలిచేది రికార్డుకెక్కిన సాక్ష్యమే. బోనులో చెప్పిన మాటను న్యాయమూర్తి నమోదు చేయిస్తారు, ఎదురుపక్షం న్యాయవాది దానిని ప్రశ్నలతో పరీక్షిస్తాడు. నమోదైన వాంగ్మూలాన్ని చదివి వినిపించుకునే హక్కు సాక్షికి ఉంది. సాక్ష్యం తనకు రాని భాషలో సాగితే అర్థమయ్యే భాషలో చెప్పించుకునే హక్కు ముద్దాయికి ఉంది. ఇంట్లో ఉర్దూ మాత్రమే మాట్లాడే మన తల్లులకు ఈ సంగతి తెలియాలి. అర్థం కాని కాగితానికి తల ఊపడం మర్యాద కాదు, ప్రమాదం.

తెరకు మరో ముఖమూ ఉంది. అది వార్తా ఛానళ్ళ విచారణ. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో శుక్రవారం ప్రార్థనల వేళ బాంబు పేలింది. ఆ తర్వాత పలువురు ముస్లిం యువకులను నిర్బంధించి వేర్వేరు కేసులు పెట్టారు. సమాజం దృష్టిలో వారు ఆనాడే దోషులయ్యారు. న్యాయస్థానాలు వారిని నిర్దోషులుగా విడుదల చేసేనాటికి చదువులు, ఉద్యోగాలు, పెళ్ళి సంబంధాలు చేజారాయి. పేలుడు కేసులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురిని 2018 ఏప్రిల్ 16న ఎన్.ఐ.ఏ. ప్రత్యేక కోర్టు ఆధారాలు చాలవని విడిచిపెట్టింది. పదకొండేళ్ళు గడిచినా దోషి ఎవరో కోర్టులో తేలలేదు. అనుమానం సాక్ష్యానికి సాటిరాదన్న సూత్రం మనకు అనుకూలమైనప్పుడే కాదు, బాధ కలిగించినప్పుడూ సూత్రమే. ఆ బాధ సాక్ష్యాన్ని సరిగా సేకరించని దర్యాప్తును నిలదీయమంటుంది, కోర్టును వదిలి తెరను ఆశ్రయించమనదు.

అందువల్ల మా విన్నపం మొదటి రోజు గురించే. అరెస్టయిన వ్యక్తిని, ప్రయాణ సమయం మినహా, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని కోర్టులో నేర నిరూపణకు వాడరాదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద మహిళలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాది లభిస్తాడు. ముస్లిం అయినంత మాత్రాన ఆ సహాయం రాదు, మిగిలినవారిలో చాలామందికి ఆదాయ పరిమితి వర్తిస్తుంది. సహాయానికి ఫోన్ నంబరు 15100.

ఈ మూడు పట్టణాల మసీదు కమిటీలు ఆ నంబరును గోడపై రాయించాలి. జుమా తర్వాత ఐదు నిమిషాలు ఈ హక్కులను ఉర్దూలోనూ తెలుగులోనూ చెప్పించాలి. మన ఊరి యువ న్యాయవాదులు ఆ బాధ్యత తీసుకోవాలి. వాయిదా రోజున ఒంటరిగా వరండాలో నిలబడే తల్లి పక్కన చదువుకున్నవారు ఒకరైనా నిలబడాలి. సీరియల్లోలా ఆఖరి నిమిషంలో పరుగున వచ్చి కాపాడేవాడు నిజమైన కోర్టుకు రాడు. మొదటి రోజే మనం వెళ్ళాలి.