ధర – ధర్మం

వాణిజ్యంలో పోటీ సహజం. తోటి వర్తకుని కన్న తక్కువ ధరకు అమ్మడం దోషం కాదు. నైపుణ్యం వల్ల గాని, మెరుగైన యంత్రం వల్ల గాని ఖర్చు తగ్గి, ధర తగ్గితే కొనేవానికి మేలు, అమ్మేవానికి కీర్తి. కాని ఆ తగ్గింపు భారం ఎవరి మీద పడిందో విచారించకుండా చౌకను మెచ్చుకోవడం వివేకం కాదు.

ఈ విచారణ ఆర్మూరు వాసులకు కొత్తది కాదు. నెలల తరబడి చేను కనిపెట్టుకొని, పసుపు కొమ్ములను ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపట్టి మార్కెట్టుకు తెచ్చిన రైతుకు పెట్టుబడి కూడా దక్కని సంవత్సరాలు ఉన్నాయి. ఆ ఆవేదనతోనే 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు స్థానానికి 178 మంది రైతులు పోటీకి నిలిచారు. శ్రమకు గిట్టుబాటు ధర కావాలన్నదే వారి వాదం.

ఆ న్యాయం మన ఇంటి సెప్టిక్ ట్యాంకును శుభ్రం చేసేవానికి వర్తించదా? ఒక ఊరిలో ఇద్దరు గుత్తేదారులు ఈ పని చేస్తున్నారనుకుందాం. మొదటివాడు యంత్రం గల బండి తెస్తాడు. కూలీలకు బూట్లు, తొడుగులు ఇస్తాడు. మురికిని శుద్ధి కేంద్రానికి చేరుస్తాడు. రెండవవాడు సగం ధరకే ఒప్పుకొంటాడు. ఎలా సాధ్యం? మనిషి చేతికి బక్కెట ఇచ్చి లోపలికి దింపుతాడు. మురికిని వాగులో పారబోస్తాడు. అతడు పోటీలో గెలిచింది నేర్పుతో కాదు, కూలివాని ప్రాణాన్ని పణంగా పెట్టి.

ట్యాంకులో పేరుకొనే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు మోతాదు మించితే వాసన పసిగట్టే శక్తినే హరిస్తుంది. అపాయం తెలిసేలోపే మనిషి కుప్పకూలుతాడు. అందుకే రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపరాదని 2013 నాటి చట్టం నిషేధించింది. ఆ నిషేధం గుత్తేదారుకే కాదు, పని చేయించుకొనే ఇంటి యజమానికీ వర్తిస్తుంది. మురుగు కాలువలలో జరిగే మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది.

“కూలివాడే ఒప్పుకొన్నాడు కదా!” అని కొందరంటారు. పేదరికం వల్ల కనీస వేతనం కన్న తక్కువకు చేసే పని కూడా వెట్టిచాకిరియేనని 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆకలి చేసే బలవంతమూ బలవంతమే!

మహాభారత శాంతిపర్వంలో, ఘోర తపస్సు చేసిన జాజలికి ధర్మం బోధించినవాడు తులాధారుడనే వర్తకుడు. త్రాసు పట్టిన చేతికీ ధర్మం తెలుస్తుందని ఆ కథ చాటుతోంది. మన త్రాసులో ఒక తట్టలో మిగిలిన రూపాయలుంటే, రెండవ తట్టలో ఒక కుటుంబపు జీవనాధారం ఉంది. కనుక “ఎంతకు చేస్తావు?” అని అడిగే ముందు “ఎలా చేస్తావు?” అని అడగడం నేర్చుకొందాం.