బ్రేకులో గాలి

మన వాడుకలో ‘గాలి తీయడం’ అంటే ఒకరి పరువు తీయడం. మోటారు షెడ్డులో మాత్రం ఆ మాటకు ప్రాణం నిలబెట్టడమని అర్థం. చక్రంలో గాలి ఉంటేనే బండి నడుస్తుంది. బ్రేకులో గాలి చేరితే బండి ఆగదు. ఈ రెండో సంగతిని కార్ల యజమానులం చాలామందిమి తేలికగా తీసుకుంటున్నామనీ, ఆ నిర్లక్ష్యానికి మూలం పనికి మనం కట్టే విలువలోనే ఉందనీ నా అభిప్రాయం.

పెడల్‌కూ చక్రాలకూ నడుమ పని చేసేది ద్రవం. మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా ప్రసరిస్తుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఇటువంటి బ్రేకులతో వచ్చింది. సూత్రం నేటికీ అదే. ద్రవం దాదాపు కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. గొట్టంలో బుడగ చేరితే మన కాలి బలం దాన్ని నలపడానికే ఖర్చయిపోతుంది. పెడల్ దూదిని తొక్కినట్టు మెత్తగా లోపలికి పోతుంది.

“రెండుసార్లు పంపింగ్ కొడితే పడుతుంది లెండి” అన్న సమాధానం తరచూ వింటుంటాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనులో 16 మీటర్లు దాటుతుంది. రోడ్డు మీదికి పరుగెత్తిన పిల్లవాడు మన రెండో తొక్కుడు దాకా ఆగడు కదా!

గాలి తీసే పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు. చక్రం దగ్గరి నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో కొసను కొంత బ్రేకు ఆయిల్ పోసిన సీసాలో ముంచుతారు. లోపల కూర్చున్నవాడు పెడల్ నాలుగైదుసార్లు కొట్టి, నొక్కిపట్టుకుంటాడు. కింద ఉన్నవాడు నిపుల్ కొద్దిగా వదులు చేస్తే బుడగలు బయటికొస్తాయి. నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి. ముందే వదిలితే పోయిన గాలి మళ్లీ లోపలికి చేరుతుంది. బుడగలు ఆగిపోయేదాకా, నాలుగు చక్రాలకూ ఇదే వరస. మధ్యమధ్య పై డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా పోస్తుండాలి. ఏ చక్రంతో మొదలుపెట్టాలో ఆ కారు తయారీదారు చెప్పిన క్రమమే ప్రమాణం. ఏబీఎస్ ఉన్న కొన్ని కార్లకు స్కానర్ యంత్రం కూడా అవసరపడుతుంది. ఇంతా చేశాక కొద్ది రోజులకే గాలి మళ్లీ చేరితే, ఎక్కడో కారుతోందని అర్థం. ఆ కారే చోటు వెతకకుండా మాటిమాటికీ గాలి తీయించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

గాలి ఒక్కటే శత్రువు కాదు. మామూలు బ్రేకు ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం, అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ ప్రమాణం 155 డిగ్రీలకు దిగుతుంది. తిరుమల పాత ఘాట్ రోడ్డులోనో, అరకు నుంచి కిందికో, చిన్న గేరు వేయకుండా బ్రేకు మీదే కాలుంచి దిగితే ఆ వేడికి పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. బండి చల్లబడ్డాక ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది. ప్రమాదం తరవాత చూసినవారికి బ్రేకు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నింద డ్రైవరు నెత్తిన పడుతుంది. అందుకే చాలా కార్లకు రెండేళ్లకోసారి ఆయిల్ పూర్తిగా మార్చమంటారు.

ఇంత ముఖ్యమైన పని ఎందుకు తూతూమంత్రంగా సాగుతోంది? కొత్త బ్రేకు ప్యాడ్లు వేస్తే పాతవి చేతికిచ్చి చూపించవచ్చు. గాలి తీస్తే చూపించడానికేముంది? పోయిన బుడగలకు ఆనవాలుండదు. సామానుకు అడిగినంత ఇచ్చే మనం, కూలి దగ్గరకొచ్చేసరికి బేరం మొదలుపెడతాం. “గంట పట్టిందా దీనికి?” అని విసుక్కుంటాం. ఇద్దరు మనుషులు ఓపికగా చేయవలసిన పనికి ఒక్కరి కూలి కూడా గిట్టనప్పుడు, నాలుగు చక్రాల పని రెండింటితో ముగిసిపోతే ఆ తప్పు మెకానిక్ ఒక్కడిదేనా? కంటికి కనిపించే వస్తువుకే గాని, కనిపించని శ్రద్ధకు వెల కట్టడం మనకింకా అలవడలేదు.

డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలగలేదు కదా అన్న ధీమా కూడా వద్దు. ఆ దీపం సాధారణంగా ఆయిల్ తగ్గినప్పుడో, హ్యాండ్‌బ్రేకు వేసి ఉన్నప్పుడో వెలుగుతుంది. గొట్టంలోని బుడగను అది చూడలేదు. చూడగలిగింది మన పాదమే.

కాబట్టి చదువరులకు నా మనవి ఒక్కటే. బ్రేకు పని జరుగుతున్నప్పుడు ఫోను చూస్తూ బయట కూర్చోకుండా, వీలైతే దగ్గర నిలబడండి. సీలు తీయని కొత్త ఆయిల్ డబ్బా వాడమనండి. నాలుగు చక్రాలకూ గాలి తీశారా అని అడగండి. బండి కదలకముందే పెడల్ తొక్కి చూడండి. మొదటి తొక్కులోనే గట్టిగా నిలవాలి. నిలిస్తే, బేరమాడకుండా కూలి ఇచ్చి రండి.