చెయ్యి కడిగే యంత్రం - ఎవరి చెయ్యి కోసం?

కిందటి డిసెంబరులో మా నాన్న నన్ను చూడ్డానికి కాలేజీకి వచ్చాడు. మాది పల్నాడులో మిరప పండించుకునే కుటుంబం. పొద్దున్నే చేలో రెండు ట్యాంకులు మందు కొట్టి, బోరు దగ్గర కాళ్ళూ చేతులూ తడుపుకుని, చొక్కా మార్చుకుని బస్సెక్కిన మనిషి. మధ్యాహ్నం క్యాంటీనుకు తీసుకెళ్ళాను. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఆ కుళాయిలు మీ అందరికీ తెలిసినవే. కరోనా తరువాత కాలేజీ తిరిగి తెరిచినప్పుడు పెట్టించారట. తిప్పే పిడి ఉండదు. కింద చెయ్యి పెడితే నీళ్ళు వాటంతటవే వస్తాయి.

నాన్న చెయ్యి పెట్టాడు. రాలేదు. తిరగేసి పెట్టాడు. రాలేదు. పక్కనున్న కుర్రాడు పెడితే వచ్చాయి.

"నా చెయ్యి దీనికి కనపట్టం లేదేమోరా" అని నవ్వి, భుజం మీది తువ్వాలుతో తుడుచుకుని, వచ్చి అన్నం కలుపుకున్నాడు.

ఆ నవ్వులో సిగ్గుంది. తనకు వాడటం చేతకాలేదనుకున్నాడు. నా సిగ్గు అంతకన్నా పెద్దది. ఎవరైనా చూశారేమోనని నేను చుట్టూ చూశాను. సీసాలో నీళ్ళు పోసి కడిగించాలన్న ఆలోచన ఆయన బస్సెక్కి వెళ్ళిపోయాక గాని నాకు రాలేదు. పొద్దున మందు కలిపిన చెయ్యి అది!

తప్పు నాన్నదా, యంత్రానిదా? సైన్సు విద్యార్థిని గనుక ఆ సంగతి తేల్చుకోవాలనిపించింది.

ఆ కుళాయి పనిచేసే తీరు పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. లోపలినుంచి ఒక చిన్న దీపం కంటికి కనిపించని పరారుణ కిరణాలను వదులుతుంది. ఎదురుగా చెయ్యి వస్తే కొన్ని కిరణాలు తగిలి వెనక్కి వస్తాయి. వాటిని పక్కనే ఉన్న మరో పరికరం పసిగడుతుంది. వచ్చిన వెలుగు ఒక హద్దు దాటితే విద్యుదయస్కాంతం వాల్వును తెరుస్తుంది. చెయ్యి తీస్తే మూసుకుంటుంది. అంటే ఆ యంత్రానికి చెయ్యి తెలియదు, వెనక్కి వచ్చిన వెలుగు మాత్రమే తెలుసు.

ఒక సాయంత్రం నేనూ నా మిత్రుడూ వెళ్ళి పరీక్ష చేశాం. రికార్డు పుస్తకంలోని తెల్లకాగితం పెడితే వెంటనే నీళ్ళొచ్చాయి. నా చెయ్యి పెడితే ఒకసారి వచ్చాయి, ఒకసారి రాలేదు. బొగ్గుపొడి పూసుకుని పెడితే అసలు రాలేదు. కుళాయి కంటిమీద పేరుకున్న ఉప్పుపొరను గీకేస్తే కొంత నయమైంది. కాగితానికి నీళ్ళిచ్చి, మసి పట్టిన చేతికి ఇవ్వని కుళాయిని ఏమనాలి? మురికి పట్టిన చేతికే గదా నీళ్ళు అవసరం!

ఇది మన క్యాంటీను గొడవ మాత్రమే కాదు. 2017లో ఒక వీడియో ప్రపంచమంతా తిరిగింది. అందులో ఒక సబ్బు యంత్రం తెల్లవాడి చేతికి సబ్బు ఇచ్చింది, నల్లవాడి చేతికి ఇవ్వలేదు. అదే నల్లని చేతిలో తెల్లకాగితం పెట్టగానే ఇచ్చింది. చేసినవాడికి ద్వేషం ఉండి ఉండకపోవచ్చు. కాని పరీక్షించేటప్పుడు ఏ చెయ్యి దగ్గరుంటే ఆ చెయ్యే లోకమనుకుంటే జరిగేది ఇదే.

ఇక నీళ్ళ సంగతి. ఇలాంటి కుళాయిల్లో చాలావాటికి లోపల రబ్బరు పొర వాల్వు ఉంటుంది. అది సరిగా పనిచేయాలంటే నీటికి కొంత ఒత్తిడి ఉండాలి. పది మీటర్ల ఎత్తు నీటికి సుమారు ఒక వాతావరణం ఒత్తిడి అని ఇంటర్‌లోనే చదువుకున్నాం. మీటరు ఎత్తు దిమ్మ మీద డ్రమ్ము పెట్టి నీళ్ళు వదిలే పల్లెటూరి బడిలో ఆ ఒత్తిడి పదోవంతే! పైగా మన బోరు నీళ్ళు కఠిన జలాలు. ఆ సున్నం వాల్వులోని సన్నని రంధ్రాన్ని పూడ్చేస్తుంది. ఆపైన బ్యాటరీ అయిపోతే మార్చే నాథుడుండడు.

ఖరీదు ఎక్కువైతే శుభ్రమూ ఎక్కువే అనుకోవడానికీ లేదు. అమెరికాలో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో రెండు రకాల కుళాయిలనూ పరీక్షించి, 2011లో ఫలితాలు వెల్లడించారు. న్యుమోనియా తెచ్చే లీజియొనెల్లా అనే సూక్ష్మజీవి సెన్సారు కుళాయిల నీటి నమూనాల్లో సగంలో పెరిగింది. చేత్తో తిప్పే కుళాయిల్లో పదిహేను శాతంలోనే. లోపల భాగాలు ఎక్కువైనకొద్దీ క్రిమికి తావులు ఎక్కువౌతాయని పరిశోధకులు అనుమానించారు.

అయితే పాత కుళాయే మేలా? అదీ కాదు. మురికి చేత్తో తిప్పుతాం, కడిగిన చేత్తో కట్టేస్తాం. తిప్పేటప్పుడు అంటించిన మురికినే కట్టేటప్పుడు మళ్ళీ అంటించుకుంటాం. కాబట్టి డిజైను చేసేవాడి ముందున్న అసలు సమస్య ఒక్కటే: కడుక్కునే చెయ్యి దేన్నీ ముట్టుకోకుండా నీళ్ళు రావాలి, ఆగాలి.

ఈ సమస్యకు మా ఇంట్లో ఏనాడో జవాబుంది. నాన్న చేలోంచి రాగానే అమ్మ చెంబుతో నీళ్ళు పోస్తుంది. బ్యాటరీ అక్కర్లేదు, చెయ్యి ఏ రంగైనా కనిపిస్తుంది! కాని అమ్మ చేతులకు ఎవరు పోస్తున్నారు? ఆమె ఆ చెంబే పట్టుకుని తన చేతులు తానే కడుక్కుంటుంది. అందుకే ఆ జవాబు చాలదు, యంత్రం కావాలి.

కావలసిన యంత్రానికి కాలుంది. మా తాత వయసులో ఉన్నప్పుడు ఏతాం తొక్కినవాడు. కాలి బరువుతో బావిలోంచి నీళ్ళు తోడిన జాతి మనది. కుట్టుమిషను తొక్కే ప్రతి దర్జీకీ ఈ సూత్రం తెలుసు. జింబాబ్వే పల్లెల్లో పుట్టి ఎన్నో దేశాలకు పాకిన 'టిప్పీ ట్యాప్' కూడా ఇదే. కర్రకు వేలాడే డబ్బా, దానికో తాడు, తాడు చివర కాలితో తొక్కే పుల్ల. తొక్కితే డబ్బా వంగి సన్నని ధార పడుతుంది. 2020లో కెన్యాలో తొమ్మిదేళ్ళ పిల్లవాడు చెక్కలూ మేకులతో కాలితో తొక్కే చేతులు కడిగే యంత్రం చేస్తే, ఆ దేశాధ్యక్షుడి పురస్కారం లభించింది. ఆ ఏడాదే మన దేశంలోనూ రెండు పెడళ్ళ స్టాండ్లు చాలాచోట్ల వెలిశాయి. ఒకటి తొక్కితే సబ్బునీళ్ళు, ఒకటి తొక్కితే నీళ్ళు. వెల్డింగు షాపులో చేయించుకోవచ్చు. చెడితే సైకిలు షాపువాడు బాగుచేస్తాడు.

నీటి పొదుపులోనూ ఇది సెన్సారుకు తీసిపోదు. నిమిషానికి ఆరు లీటర్లు వచ్చే కుళాయిని నలభై సెకన్లు వదిలేస్తే నాలుగు లీటర్లు పోతాయి. సబ్బు రుద్దుకునేంతసేపూ కాలు తీసేసి పదిహేను సెకన్లు మాత్రమే తొక్కితే లీటరున్నరతో సరి.

"కాలు కదపలేని వాళ్ళ మాటేమిటి?" అని ఒక మిత్రురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఆపరేషను థియేటర్లలో డాక్టర్లు మోచేత్తో నెట్టే పొడుగు పిడి కుళాయి వాడతారు. చక్రాల కుర్చీకి అందే ఎత్తులో అలాంటిది ఒకటి పెట్టాలి. సెన్సారు మీద నాకు పగ లేదు. ఒత్తిడీ, మంచి నీరూ, బాగుచేసే మనిషీ ఉన్నచోట అది ఉండవచ్చు. కాని అన్ని రకాల చేతులతో పరీక్షించాకే కొనాలి.

మన విద్యార్థి సంఘానికి నా మనవి ఇంతే. క్యాంటీను దగ్గర రెండు పెడల్ స్టాండ్లు, ఒక మోచేతి కుళాయి వచ్చే ఏడాది బడ్జెట్‌లో చేర్చండి. కొలతలు మేం తీస్తాం, బొమ్మ మేం గీస్తాం. తయారయ్యాక ప్రారంభోత్సవానికి పెద్దలెవరినీ పిలవనక్కర్లేదు. మిరప కోతల్లోంచి నేరుగా వచ్చిన ఒక మనిషిని నిలబెట్టి, ఆ చేతులు కడుక్కోమందాం. నీళ్ళొస్తే యంత్రం పాసైనట్టు.

ఆ రోజు మా నాన్నను నేనే తీసుకొస్తాను. ఈసారి చుట్టూ చూడను.