గెలిచింది మనిషా... కర్రా?

1979 డిసెంబరు. పెర్త్‌లో ఆస్ట్రేలియా, ఇంగ్లండ్‌ జట్ల మధ్య టెస్టు మ్యాచ్‌. ఫాస్ట్‌ బౌలర్‌ డెన్నిస్‌ లిల్లీ బ్యాటింగ్‌ చేస్తున్నాడు. బంతిని కొట్టగానే 'టంగ్‌'మని శబ్దం! అందరూ ఉలిక్కిపడి చూశారు. లిల్లీ చేతిలో ఉన్నది చెక్క బ్యాటు కాదు, అల్యూమినియం బ్యాటు. దాంతో కొడితే బంతి పాడైపోతోందని ఇంగ్లండ్‌ కెప్టెన్‌ మైక్‌ బ్రియర్లీ అంపైర్లకు ఫిర్యాదు చేశాడు. లిల్లీ ఒప్పుకుంటేగా! బ్యాటు చెక్కదే అయ్యుండాలని అప్పటికి ఏ నిబంధనా లేదు మరి. దాదాపు పది నిమిషాలు ఆట ఆగిపోయింది. చివరికి కోపంగా ఆ బ్యాటును విసిరికొట్టి, చెక్క బ్యాటుతోనే ఆడాడు. ఆ తర్వాత బ్యాటును చెక్కతోనే చేయాలని నిబంధన తెచ్చారు.

క్రికెట్‌ తలుపు మూసేసింది. కానీ అన్ని ఆటలూ అలా మూయలేదు. పోల్‌వాల్ట్‌నే చూడండి.

పొడవాటి కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చి, దాన్ని నేలకు ఆనించి, ఎత్తున ఉన్న అడ్డకర్ర మీదుగా దూకడం... అంతే ఆట. ఒకప్పుడు ఆ కర్ర వెదురుదే. తేలిగ్గా ఉంటుంది, కొంచెం వంగుతుంది. అమెరికాకు చెందిన కార్నీలియస్‌ వార్మర్‌డామ్‌ 1942లో వెదురు కర్రతోనే 4.77 మీటర్లు దూకాడు. ఆ రికార్డు 15 ఏళ్లపాటు చెక్కుచెదరలేదు. తర్వాత లోహపు కర్రలొచ్చాయి. 1960లో డాన్‌ బ్రాగ్‌ 4.80 మీటర్లు దూకాడు. అంటే 18 ఏళ్లలో పెరిగింది మూడంటే మూడు సెంటీమీటర్లు! మనిషి ఇక ఇంతకుమించి ఎగరలేడని అనిపించినా తప్పులేదు.

అప్పుడే ఫైబర్‌గ్లాస్‌ రంగప్రవేశం చేసింది. గాజును కరిగించి సన్నని దారాల్లా తీసి, వాటిని రెజిన్‌లో తడిపి గట్టిపడేలా చేస్తే వచ్చే సరుకు ఇది. విడిగా చూస్తే గాజు పెళుసు. దారాలుగా మారి రెజిన్‌తో కలిసిందంటే మాత్రం బాగా వంచినా అంత తేలిగ్గా విరగదు, వదిలితే మళ్లీ నిటారుగా లేస్తుంది. మన తీరంలో మత్స్యకారులు చెక్క తెప్పల స్థానంలో వాడుతున్న ఫైబర్‌ బోట్లు దీంతో చేసినవే.

పోల్‌వాల్ట్‌కు కావలసింది సరిగ్గా ఇలాంటి గుణమే. క్రీడాకారుడు వేగంగా వచ్చి కర్రను గుంటలో గుచ్చగానే అది విల్లులా వంగుతుంది. అతని పరుగులోని శక్తిలో చాలా భాగం ఆ వంపులో దాక్కుంటుంది. కర్ర నిటారు అవుతూ ఆ శక్తిని తిరిగిచ్చేస్తుంది, మనిషిని పైకి విసిరేస్తుంది. వెదురును అంతగా వంచితే ఫట్‌మని విరుగుతుంది. ఇక లోహపు కర్ర వంగేది తక్కువ, దాంతో వచ్చిన వేగంలో కొంత వృథా.

1956 మెల్‌బోర్న్‌ ఒలింపిక్స్‌లోనే గ్రీసు క్రీడాకారుడు రౌబానిస్‌ ఈ కర్రతో కాంస్యం గెలిచాడు. 1961లో జార్జ్‌ డేవిస్‌ దీంతో ప్రపంచ రికార్డు కొట్టాడు... 4.83 మీటర్లు. ఇక అక్కడి నుంచి చూడాలి! 1964 నాటికి ఫ్రెడ్‌ హాన్సెన్‌ 5.28కి చేరాడు. 18 ఏళ్లలో మూడు సెంటీమీటర్లు కదిలిన రికార్డు మూడేళ్లలోనే 45 సెంటీమీటర్లు ఎగబాకిందన్నమాట.

అంతెత్తు నుంచి కింద ఇసుకలోనో రంపపుపొట్టులోనో పడితే ఎముకలు మిగలవు. కాబట్టి మందపాటి ఫోమ్‌ పరుపులు రావలసి వచ్చింది. ఒక కొత్త పదార్థం ఇంకోదాన్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ పరుపుల పుణ్యమా అని హైజంప్‌ తీరే మారిపోయింది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో డిక్‌ ఫాస్‌బరీ వెల్లకిలా దూకి, వీపు మీద పడి, 2.24 మీటర్లతో స్వర్ణం ఎగరేసుకుపోయాడు. ఇసుక గుంటలో ఆ సాహసం చేసి ఉంటే నేరుగా ఆసుపత్రికే!

అయితే గెలిచింది మనిషా, కర్రా అన్న గొడవ మాత్రం తెగలేదు. 1972 మ్యూనిక్‌ ఒలింపిక్స్‌లో అది ముదిరి పాకాన పడింది. కొత్తరకం కర్రలు అందరికీ తగినంత ముందుగా అందుబాటులోకి రాలేదంటూ అంతర్జాతీయ సమాఖ్య వాటిని నిషేధించింది. తర్వాత నిషేధం ఎత్తేసింది. పోటీలకు కాస్త ముందు మళ్లీ విధించింది! ఆ ఏడాదే 5.63 మీటర్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పిన అమెరికన్‌ బాబ్‌ సీగ్రెన్‌ అలవాటులేని కర్రతో దూకాల్సి వచ్చింది. స్వర్ణం తూర్పు జర్మనీకి చెందిన నార్డ్‌విగ్‌కు దక్కింది. 1896 నుంచీ ఒలింపిక్స్‌లో ఈ పతకాన్ని వదలని అమెరికాకు అదే తొలి ఓటమి. ఆఖరి దూకుడు అయ్యాక సీగ్రెన్‌ నేరుగా వెళ్లి, 'ఇదిగో మీ కర్ర' అన్నట్టు దాన్ని అధికారి చేతిలో పెట్టేశాడు. అతని బాధలో న్యాయం లేకపోలేదు. నిబంధన పెట్టడం వేరు, పరీక్ష ముందురోజు సిలబస్‌ మార్చడం వేరు.

ఈత పోటీల్లోనూ ఇదే కథ. పాలీయురెథేన్‌ కలిపిన ఈతదుస్తులు 2008లో వచ్చాక రికార్డులు పేకమేడల్లా కూలాయి. 2009లో రోమ్‌లో జరిగిన ఒక్క ప్రపంచ పోటీల్లోనే 43 ప్రపంచ రికార్డులు! 2010 జనవరి నుంచి ఆ దుస్తులను నిషేధించారు. పోల్‌వాల్ట్‌లో మాత్రం ఫైబర్‌ కర్ర నిలబడింది. 1994లో బుబ్కా 6.14 మీటర్లు దూకితే, 2025 సెప్టెంబరులో టోక్యోలో డుప్లాంటిస్‌ 6.30 దాటాడు.

సరే, పతకాల సంగతి అలా ఉంచితే... తేలికపాటి పదార్థం కోసం అసలు ఎదురుచూపులు ఉన్నది వేరే చోట. హైదరాబాద్‌ క్షిపణి ప్రయోగశాలలో అబ్దుల్‌ కలాం బృందం అగ్ని క్షిపణి కోసం తేలికైన, వేల డిగ్రీల వేడికి తట్టుకునే కార్బన్‌ మిశ్రమ పదార్థాన్ని తయారుచేసింది. ఓసారి నిమ్స్‌ నుంచి ఎముకల డాక్టరొకరు అక్కడికి వెళ్లారు. ఆ ముక్కను చేత్తో ఎత్తి చూశారు. దూదిలా తేలిపోతోంది! వెంటనే కలాంను తన ఆసుపత్రికి తీసుకెళ్లి పిల్లల్ని చూపించారు. కాళ్లకు ఒక్కొక్కటీ మూడు కిలోల పైనే బరువుండే ఇనుప కాలిపర్లు. ఆ బరువుతో కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. 'మా పిల్లల బాధ తీర్చండి' అన్నది డాక్టరుగారి అభ్యర్థన.

మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. వాటిని తొడిగితే పిల్లలు తమ కళ్లను తామే నమ్మలేకపోయారు. అప్పటిదాకా కాలు ఈడ్చినవాళ్లు ఆసుపత్రిలో హాయిగా అటూ ఇటూ తిరుగుతుంటే, తల్లిదండ్రుల కళ్లల్లో నీళ్లు. రాకెట్లు ఎగరేసిన కలాం, తన జీవితంలో పొందిన గొప్ప ఆనందాల లెక్క చెప్పినప్పుడల్లా ఈ 300 గ్రాముల సంగతి కూడా చెప్పేవారు.